వేడిని తోడే యంత్రం

చలికాలంలో ఇల్లు వెచ్చబడాలంటే ఏదో ఒకటి మండక తప్పదని మనుషులు తరతరాలుగా నమ్మారు. ఆ అవసరం లేదని 1852లో లెక్క కట్టి చూపించినవాడు విలియం థామ్సన్. తర్వాతి రోజుల్లో లార్డ్ కెల్విన్‌గా పేరుపడ్డ ఆయన అప్పటికి 28 ఏళ్ల గ్లాస్గో ప్రొఫెసర్. బయటి గాలి మన ఒంటికి చల్లగా తగిలినా అందులోనూ వేడి ఉంటుంది, దాన్ని యంత్రంతో లోపలికి తోడవచ్చు అన్నాడు. బొగ్గును పొయ్యిలో కాల్చేకంటే దానితో ఇంజను నడిపి వేడిని తోడితే లాభమన్నాడు. బొగ్గు చవగ్గా దొరికే బ్రిటన్‌లో ఈ మాట అప్పట్లో పెద్దగా ఎవరూ చెవిన పెట్టలేదు.

బొగ్గు పెద్దగా దొరకని స్విట్జర్లాండ్ చెవిన పెట్టింది. జూరిక్ నగరంలో లిమ్మాట్ నది మీదికి కట్టిన పాత రాట్‌హౌస్ (టౌన్‌హాల్) భవనానికి 1938లో అలాంటి యంత్రాన్ని, అంటే హీట్ పంపుని, అమర్చారు. నదిలోని చల్లటి నీళ్ల నుంచే వేడి తీసి అది గదులు వెచ్చబెట్టింది. 2001లో కొత్తది వచ్చేదాకా, అంటే 63 ఏళ్లు, అదే నడిచింది. ఈ రోజుల్లో ఏ కంపెనీ అయినా అంత కాలానికి గ్యారంటీ ఇస్తుందేమో అడిగి చూడండి!

లోపల జరిగేది మన ఏసీలో జరిగేదే, కాకపోతే తిరగేసి. ఆర్-410ఏ లాంటి ద్రవం మామూలు వాతావరణ పీడనంలో సున్నాకి 51 డిగ్రీల కిందే మరిగిపోతుంది. అందుకే మంచు కురిసే గాలిలోంచి కూడా అది వేడి లాక్కుని ఆవిరవుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి వేడెక్కిస్తే, ఇంట్లో ఆ వేడిని వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. చలికాలం ఇటు, ఎండాకాలం అటు దారి మళ్లించేది నాలుగు దారుల వాల్వు.

బావిలో నీటిమట్టం దిగినకొద్దీ చేంతాడు ఎక్కువ లాగాలి. ఇక్కడా అంతే. బయట సున్నా డిగ్రీలున్నప్పుడు 35 డిగ్రీల వేడి కావాలంటే, ఒక యూనిట్ కరెంటుతో సిద్ధాంతం ప్రకారం 8.8 యూనిట్ల వేడి తోడవచ్చు. 55 డిగ్రీలు కావాలంటే ఆరుకి పడిపోతుంది. నిజమైన యంత్రాలకు అందేది ఇందులో సగం, ఒక్కోసారి అంతకంటే తక్కువ. అందిన వేడికీ వాడిన కరెంటుకీ ఉన్న ఈ నిష్పత్తినే సీఓపీ అంటారు. హీట్ పంపుకి నాడి పట్టి చూడటమంటే దీన్ని పట్టుకోవడమే.

చిక్కేమిటంటే, ఈ యంత్రం జబ్బుపడినా బయటపడదు. అట్లాంటాలోనో షార్లెట్‌లోనో ఉన్న మనవాళ్ల ఇళ్లు చాలావాటిలో హీట్ పంపుతో పాటు లోపలి యూనిట్‌లో కరెంటు హీటర్ కాయిళ్లు కూడా ఉంటాయి. పంపు చాలనప్పుడు అవి వాటంతటవే అందుకుంటాయి. యూనిట్ కరెంటుకి యూనిట్ వేడి, అంతకు మించి రాదు. ఇల్లు వెచ్చగానే ఉంటుంది, పిల్లలు హాయిగా నిద్రపోతారు, జనవరి బిల్లు మాత్రం గుండె ఆపేస్తుంది. కాబట్టి మొదట చూడాల్సింది థర్మోస్టాట్ మీద 'ఆక్స్ హీట్' అన్న అక్షరాలు, ఆ హీటర్లు నడుస్తున్నాయనడానికి గుర్తు. బయట గడ్డకట్టే చలి లేకపోయినా అవి గంటల తరబడి వెలుగుతుంటే ఎక్కడో తేడా ఉంది. ఒక్కోసారి ఆ తేడా మనమే. పొదుపు అనుకుని రాత్రి బాగా తగ్గించి, పొద్దున్నే ఒక్కసారిగా పెంచితే, ఆ తొందరకి హీటర్లే పరిగెత్తుకొస్తాయి.

రోగం కానివి కూడా కొన్నున్నాయి. గ్యాస్ ఫర్నేస్ గాలిలా ఇది భగ్గుమనదు. 32 నుంచి 40 డిగ్రీల మధ్య వచ్చే గాలి ఒక్కోసారి మన ఒంటికి చల్లగా తోస్తుంది, అంతమాత్రాన పాడైనట్టు కాదు. తేమ ఉన్న చలిలో బయటి కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి యంత్రం కాసేపు తిరగబడి నడుస్తుంది, అప్పుడు పొగలా ఆవిరి లేస్తుంది. నిప్పంటుకుందని కంగారు పడక్కర్లేదు. ఆ మంచు గంటల తరబడి కరగకుండా దిమ్మకడితే మాత్రం కంగారు పడాలి.

అసలు రోగాల్లో మొదటిది మట్టిపట్టిన ఫిల్టర్. నవ్వొచ్చేంత చిన్నది, అయినా గాలి ఆడకపోతే ఎంత మంచి కంప్రెసరైనా ఏం చేస్తుంది? నాలుగు దారుల వాల్వు లోపల కారడం ఇంకాస్త దొంగ జబ్బు. బయటి కాయిల్ నుంచి వాల్వులోకి వచ్చే చల్లటి గొట్టం, అక్కడి నుంచి కంప్రెసర్‌కి వెళ్లే గొట్టం, రెండూ దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. రెండోది కొన్ని డిగ్రీలు ఎక్కువుంటే వేడి వాయువు లోపలే దారి తప్పుతోందన్నమాట.

నీళ్ల రేడియేటర్లున్న యూరప్ ఇళ్లలో లెక్క ఇంకా తేలిక. నిమిషానికి 20 లీటర్లు తిరుగుతూ, వెళ్లే నీటికీ తిరిగొచ్చే నీటికీ 5 డిగ్రీల తేడా ఉంటే ఇంటికి అందుతున్నది సుమారు 7 కిలోవాట్లు. కరెంటు మీటరు 2.2 కిలోవాట్లు చూపిస్తే సీఓపీ 3.2, ఫర్వాలేదు. మీటరు 4 చూపిస్తే తేడా ఎక్కడుందో వెతకాలి.

ఎక్కడ వెతకాలి? బ్రిటన్‌లో ఎనర్జీ సేవింగ్ ట్రస్ట్ అనే సంస్థ 2008 నుంచి 83 హీట్ పంపులకు మీటర్లు పెట్టి కొలిచింది. కొన్ని బాగా నడిచాయి, కొన్ని అధ్వానంగా. తప్పు చాలావరకు యంత్రంలో కాదు, దాన్ని ఎంచుకున్న తీరులో, బిగించిన తీరులో, కంట్రోళ్లు పెట్టిన తీరులో ఉందని తేలింది. ఇంటికి మించిన యంత్రం పెడితే మాటిమాటికీ ఆగుతూ, మొదలవుతూ అరిగిపోతుంది. అవసరం లేకుండా 55 డిగ్రీల నీళ్లు అడిగితే ఏడాది పొడవునా డబ్బు కాలుతుంది.

హైదరాబాదైనా అట్లాంటా అయినా వినపడే మాట ఇంకొకటి మిగిలింది: "గ్యాస్ అయిపోయిందండీ." వేడిని మోసే ఆ ద్రవాన్నే గ్యాస్ అంటారు. అది పెట్రోలు కాదు, వాడితే అయిపోదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారిందని అర్థం. అందుకే మెకానిక్ గ్యాస్ కొడతానంటే, ముందు లీకు ఎక్కడుందో చూపించమని అడగండి.