జరుగని కథకు ఆనవాళ్లు

మాఘము వెళ్లి ఫాల్గుణము ప్రవేశించు నాటికి, గుంటూరునకు దక్షిణమున నున్న ప్రత్తిపాడు చుట్టుపట్ల నల్లరేగడి చేలు రెండు వన్నెలుగా చీలిపోవును: ఒకవంక కడపటి ఏరుడునకు మిగిలిన ప్రత్తి తెల్లగా విచ్చుచుండ, మరియొకవంక కళ్లముల నిండ పండుమిరప ఎర్రగా ఆరుచుండును. ఊరి పేరులో నున్నది ప్రత్తియే యైనను, ఊరి బ్రదుకులో మిరప సగమునకు పైగా ఆక్రమించినది. పగలెల్ల ఎండలో కాయను తిరుగవేసి, తాలును మేలుకాయనుండి ఏరి వేరుపరచి, పొద్దుగ్రుంకగనే మంచు తగులకుండ పట్టాలు కప్పి, కావలి పండుకొను వారి ప్రక్కను ఇప్పుడు కర్రతో పాటు సెల్‌ఫోనును ఉండును. అట్టి కావలి రాత్రి ఒక మేనల్లుడును మేనమామయు ఆడుకొనిన మాటలు నా చెవిని బడినవి.

“భైరవుడే కర్ణుడని చూపించేశారుగా మావయ్యా! ఇంక రెండో భాగంలో అశ్వత్థామా వాడూ కలిసిపోతారు. ఇద్దరూ కౌరవుల పక్షమేగా.”

“ఒకే పక్షమైతే మాత్రం పడుద్దా ఏంట్రా? గోగ్రహణమప్పుడు అశ్వత్థామ కర్ణుణ్ణి నానా మాటలూ అనలా? ఆ కోపం ఇంకా కడుపులో ఉంటే?”

“సరే, చూద్దాం. ముందు ఆ బిడ్డ పుట్టాలిగా!”

ఆ మేనమామ గ్రంథములు చదివినవాడు కాడు. వానలు మొగము చాటేసిన యేట విరాటపర్వము చదివించుట మన పల్లెలలో పూర్వాచారమగుటచేత, ఆ పర్వము చెవిని పడుచు పెరిగినవాడు, అంతియే. క్రీస్తుశకము 2898వ సంవత్సరమున జరుగబోవునని ఒక చలనచిత్రము చెప్పుచున్న కథలో, ఇంకను ఎవ్వరును చిత్రింపని ఘట్టమును నిర్ణయించుటకై, అతడు ఉత్తర గోగ్రహణమును సాక్షిగా పిలిచెను. ఇట్టి పనికి నేడు లోకమంతటను ఫ్యాన్ థియరీ అని పేరు. మన పత్రికలు దానిని ఊహాగానమని వ్రాయుచున్నవి. ఆ పేరు దానికి చాలదని నా నమ్మకము. కళ్లము మీద నేను విన్నది గానము కాదు, తర్కము.

చిత్రమును చూడని పాఠకుల కొరకు కథ కొంత చెప్పవలసియున్నది. వైజయంతీ మూవీస్ వారి పక్షమున నాగ్ అశ్విన్ దర్శకత్వమున 2024 జూన్ 27న వెలువడిన ‘కల్కి 2898 ఏడీ’ కురుక్షేత్ర సంగ్రామముతో ఆరంభమై, తక్షణమే ఆరువేల యేండ్లు ముందునకు దుముకును. మన సంప్రదాయ గణకులు కలియుగారంభమును క్రీస్తుపూర్వము 3102గా నిర్ణయించిరి గనుక, దానికి 2898 కూడినచో సరిగా 6000 అగును. చిత్రనామమందలి సంఖ్యకు అదియే మూలము. గంగ యెండిపోయిన కాశీ, దానిపై ఆకాశమును మూసి నిలిచిన కాంప్లెక్స్ అను మహాదుర్గము, ఆ దుర్గమున కదలలేక పడియుండి లోకమును శాసించు సుప్రీమ్ యాస్కిన్, అతని ప్రయోగశాలలో గర్భము ధరించి తప్పించుకొని పోయిన స్త్రీ, ఆమెను కాపాడుటకై చావులేక మిగిలియున్న అశ్వత్థామ, బహుమానమునకు ఆశపడి ఆమెను పట్టితేబోవు భైరవుడు — ఇన్నిటిని సిద్ధపరచి, శిశువు జన్మింపకముందే కథ ఆగిపోయినది. చిత్రమునకు నాలుగు వారములు ముందుగా, మే 31న, దీని పూర్వకథ ‘బుజ్జి అండ్ భైరవ’ అను రెండు భాగముల బొమ్మల ధారావాహికగా అమెజాన్ ప్రైమ్‌లో వచ్చెను. దానిని నిర్మించినది ‘ఛోటా భీమ్’ను సృష్టించిన హైదరాబాదు సంస్థయగు గ్రీన్ గోల్డ్ యానిమేషనే. తెనుగు గడ్డపై పుట్టిన వీరునికి తెనుగువారి చేతులమీదుగా ధారావాహిక యేర్పడుటయు, దానిలోని ప్రతి చిన్న వస్తువును ప్రేక్షకులు నిలిపి నిలిపి పరీక్షించుటయు నాకు ముచ్చట గొలిపిన విషయము.

ఈ పరీక్షకులకు లభించిన మొదటి ఆనవాలు ఒక సంఖ్య. ఆ గర్భిణికి ప్రయోగశాలలో పేరు లేదు, ఎస్‌యూఎమ్-80 అను గుర్తు మాత్రమే కలదు. దానిని ఆంగ్లమున గడగడ ఉచ్చరించినచో ‘సుమతి’ యని వినవచ్చును. కల్కిపురాణమున కల్కి తల్లి పేరు సుమతియే; తండ్రి విష్ణుయశుడు, జన్మస్థలము శంబల. అక్షరములలో సంఖ్యలను దాచు కటపయాది పద్ధతి ఎరిగిన జాతికి, సంఖ్యలో అక్షరములను దాచిన ఈ చమత్కారము తెలియకపోవునా? చిత్రమున ఆమెకు ఆ పేరే వచ్చినది, ఆమె చేరిన చోటికి శంబల యనియే పేరు. అంతట మరొక ప్రశ్న పుట్టినది: తల్లియు స్థలమును పురాణమున నున్నట్లే కుదిరినప్పుడు విష్ణుయశుడేడి? ప్రయోగశాలలో యేర్పడిన గర్భమునకు తండ్రి యెవ్వరు? దీనికి చిత్రము సమాధానము చెప్పలేదు. రెండవ భాగమును గూర్చిన వాదములలో ఇది బలమైన వాదమునకు తావిచ్చునది.

ఇంతకంటె లోతైన చిక్కులును ఉన్నవి. చిత్రము తుదను యాస్కిన్ సుమతి గర్భమునుండి తీసిన ద్రవముచే బలమును పొంది గాండీవమును చేపట్టును. భారతము తెలిసినవారు ఇచ్చట ఉలికిపడుదురు; ఏలయన మహాప్రస్థానమునకు బయలుదేరిన అర్జునునికి అగ్నిదేవుడు అడ్డుపడి, ఆ ధనుస్సు వరుణునికి చెందవలసినదని చెప్పగా, అర్జునుడు దానిని జలములందు విడిచివేసెను. నీట వదలిన విల్లు యాస్కిన్ యొద్దకు వచ్చుట యెట్లు? నీరంతయు ఎండిపోయిన లోకము గనుక పైకి తేలినదా? ఆ యెండిన గంగను దర్శకుడు ఊరకయే చూపలేదేమో! అట్లే సౌప్తిక పర్వమున కృష్ణుడు అశ్వత్థామకు ఇచ్చిన శాపమునకు మూడువేల యేండ్ల గడువు కలదు. చిత్రమున అతడు ఆరువేల యేండ్లు తిరుగుచున్నాడు. కలియుగ ప్రమాణము 4,32,000 సంవత్సరములనియు, కల్కి దాని తుదిని అవతరించుననియు పురాణములు చెప్పుచుండ, ఆరువేలకే ప్రళయవేళ వచ్చుట మరియొక వ్యత్యాసము. వీనిలో ఏది కావలసి చేసిన మార్పు, ఏది రాబోవు మలుపునకు గుర్తు అని తేల్చుటయందే ఈ వినోదమంతయు నున్నది.

పశ్చిమ దేశములందు ఇదే వినోదము టెలివిజన్‌లో తొమ్మిదేండ్లు నడచినది. 2014 అక్టోబరు 7న అమెరికాలో మొదలైన ‘ది ఫ్లాష్’ అను ధారావాహికలో, మెరుపువేగముతో పరుగిడు బ్యారీ అలెన్ అను యువకుడు నాయకుడు. మొదటి భాగము తుదను అతని గురువు ఒక రహస్యపు గదిలో ప్రవేశించి, 2024 ఏప్రిల్ 25 నాటి వార్తాపత్రికను తెరచి చూచును: ఒక మహా విపత్తులో ఫ్లాష్ అంతర్ధానమయ్యెనని దానిలో పతాక శీర్షిక. పదేండ్ల పిమ్మటి పత్రిక! చూచువారు ఆ శీర్షికతో తృప్తిపడక, దాని క్రింద వార్త వ్రాసిన వారి పేరును చదివిరి: ఐరిస్ వెస్ట్-అలెన్. అప్పటికి ఐరిస్ వెస్ట్ బ్యారీకి చిన్ననాటి నేస్తము మాత్రమే, వేరొకనిని ప్రేమించుచున్నది. ఇంటిపేరున అలెన్ చేరియుండుటను బట్టి వారిరువురకు వివాహము జరిగితీరునని ప్రేక్షకులు ముందుగనే నిశ్చయించిరి. వివాహము 2017 నవంబరులో జరిగినది. మూడవ పర్యాయమున ఆ పత్రికమీదనే ఐరిస్ పేరు చెరిగి జూలీ గ్రీర్ అను మరొక పేరు వెలసినప్పుడు, ఐరిస్ ప్రాణమునకు ముప్పు కలదని ఎవరును చెప్పకయే గ్రహించిరి. ఆంగ్ల బొమ్మల పుస్తకములు ఎరిగినవారు ఇంకను ముందునకు పోయి, 1985లో ఆ విపత్తు పేరుతోనే వెలువడిన కథలో బ్యారీ మరణించిన సంగతి జ్ఞప్తికి తెచ్చుకొని కలవరపడిరి. మన మేనమామకు విరాటపర్వమెట్లో, వారికి ఆ పుస్తకములట్లు.

ఇచ్చట కాలరేఖ యను మాటను వివరింపవలెను. భవిష్యత్తు ఒకే తీరున వ్రాసిపెట్టబడి యుండినచో దానిని చూచి వచ్చినవాడు చేయగలిగినదేమియు లేదు. ఈ కథలలో మాత్రము కాలము కాలువ వంటిది. ఎగువన ఎవడో ఒకడు గండి కొట్టినచో నీరు క్రొత్త పల్లమును వెదకుకొని పారును, పాత పారుదల క్రింది చేలు ఎండిపోవును. బ్యారీ పలుమార్లు గతమునకు పోయి గండ్లు కొట్టెను. ఆ కాలరేఖ మారగా 2024లో రావలసిన విపత్తు కథలో 2019 డిసెంబరునకు ముందునకు జరిగినది. నిజలోకమున 2024 ఏప్రిల్ 25 వచ్చు నాటికి ధారావాహిక ముగిసి పదకొండు మాసములైనది. ఆ దినమునకు సరిగా రెండు మాసములు దాటగనే మనదేశమున కల్కి విడుదలయ్యెను.

భవిష్యత్తును చూపుట మన తెరకు క్రొత్త కాదు. దానికంతకును ఒక మనిషి సాక్షిగా ఉన్నాడు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో 1931లో జన్మించిన సింగీతం శ్రీనివాసరావు, 1957 నాటి ‘మాయాబజార్’కు కె.వి. రెడ్డి యొద్ద సహాయకునిగా పనిచేసెను. 1991లో ‘ఆదిత్య 369’ తీసి, కాలయంత్రమున నాయికా నాయకులను మొదట 1526 నాటి కృష్ణదేవరాయల కొలువునకును, పిదప 2504 నాటి, యుద్ధములచే భూమిపై నివసింప వీలులేక మనుష్యులు భూగర్భమున చేరిన లోకమునకును పంపెను. తొంబదియేండ్లకు చేరువైన వయసున కల్కి చిత్రకథకు మార్గదర్శియయ్యెను. మాయాబజార్‌లోని ప్రియదర్శిని పేటిక పాఠకులకు జ్ఞాపకముండును. దానిలోనికి తొంగిచూచినవారికి తమకు ప్రియమైనదే కనబడును: శశిరేఖకు అభిమన్యుడు, బలరామునకు దుర్యోధనుడు. రాబోవు కథను ఊహించువారిలో సగముమంది ఆ పేటికలోనికే చూచుచున్నారు. తమ నాయకుడు చావడు, తమ నాయకుడే అవతారపురుషుడు, తమ నాయకునికే తుది యుద్ధము — ఇది ప్రేమయే గాని ఆధారము కాదు. దీనినే ఊహాగానమని పిలిచినచో నాకు అభ్యంతరము లేదు.

తక్కిన సగము వేరు. తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు తెనుగువాడు. పొగను చూచి కొండమీద నిప్పు కలదని చెప్పుటకు ఏమేమి కావలెనో, ఆ చెప్పుట ఎచ్చట తప్పునో బాలురకు సైతము తెలియునట్లు ఆయన విడదీసి చూపెను. హేతువువలె కనబడి హేతువు కానిదానికి హేత్వాభాసమని పేరు. ఒకే నటుడు భైరవునిగను కర్ణునిగను కనబడెను గనుక భైరవుడు కర్ణుని పునర్జన్మయే అని వాదించినవారు చాలమంది. చిత్రము తుదకు దానినే చెప్పినను, ఆ వాదము మాత్రము చెల్లదు: 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’లో ఎన్.టి. రామారావు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు వేషములును తానే ధరించెను. వారు మువ్వురును ఒకే ఆత్మ యనగలమా? సాధ్యము నిజమైనను సాధనము వ్యభిచరించినది. గోగ్రహణమును తెచ్చిన మేనమామ వాదము రేపు తప్పిపోయినను దాని హేతువు గట్టిది. ఊహ నిజమైనదా కాలేదా అనుటకంటె, దేనిమీద నిలిచినది అనుటనే నేను విలువకట్టుదును.

మన పూర్వులకు కథను ఇట్లు ముందుగా ఊహించుచు వినవలసిన అగత్యము తక్కువ. రాయబారము నాటకమునకు పదిమార్లు పోయినవానికిని సంధి పొసగదని తెలియును. పద్యము ఎట్లు ఎత్తుకొనునో వినుటకే అతడు పోయెను. ముందేమగునో అను ఆతురత మనకు చందమామ ధారావాహికలతో బలపడినది. గుంటూరు జిల్లావాడైన దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ మొదలు వరుసగా వ్రాసిన ఆ కథల కొరకు నెలనెల ఎదురుచూచిన పిల్లలు, వారపత్రికలలో యండమూరి ‘తులసిదళం’ నాటికి పెద్దవారైరి. 2015 జూలైలో కట్టప్ప బాహుబలిని పొడిచిన క్షణమునుండి 2017 ఏప్రిల్ వరకు ఈ దేశమంతయు ఒక్క ప్రశ్ననే అడిగినది. అయితే అది జరిగిపోయిన దానిని గూర్చిన ప్రశ్న. కల్కి విషయమున గతము అందరకు తెలిసినది, భవిష్యత్తు ఎవరికిని తెలియనిది. తెలిసిన భారతమును పట్టుకొని తెలియని 2898లోనికి నడువవలెను. పాత శ్రోతకును క్రొత్త ప్రేక్షకునికిని ఒకే కళ్లము మీద మాట కలియుటకు కారణమిదియే. మేనల్లుడు ఫోనులో నిలిపి చూచిన దృశ్యములను మేనమామ విన్న పర్వముతో సరిచూచుకొనుచుండ, ఆ రాత్రి వారిద్దరిలో ఎవరు గురువో ఎవరు శిష్యుడో నాకు తెలియరాలేదు.

రెండవ భాగము ఇంకను రావలసియున్నది. అంతవరకు కాలక్షేపమునకు ఊహలల్లు యువకులకు నా విన్నపమొకటి. పోతన భాగవతమున ఏకాదశ ద్వాదశ స్కంధములను వెలిగందల నారయ పూరించెను. కలియుగమున రాబోవు రాజులును, శంబలలో విష్ణుయశునింట కల్కి జన్మమును ఆ ద్వాదశమున, జరుగబోవు సంగతులుగనే చెప్పబడినవి. అది మిక్కిలి చిన్న స్కంధము, ఒక కావలి రాత్రికి సరిపోవును. మొదట దానిని చదువుడు. పిదప ఆ బిడ్డ కథ యేమగునో చెప్పుడు.