ఆటో ఎటు తిరుగుతుందో కంప్యూటర్‌కి తెలుసా?

జర్మనీ రోడ్ల ఫొటోలు చూసి డ్రైవింగ్ నేర్చుకున్న కంప్యూటర్‌ని తెచ్చి మన మెహిదీపట్నం చౌరస్తాలో వదిలితే ఏమవుతుంది? గీతలుండాల్సిన చోట గీతలుండవు. తారు ఎక్కడ ఆగిందో, మట్టి ఎక్కడ మొదలైందో తెలీదు. సందు దొరికితే చాలు దూరిపోయే మూడు చక్రాల బండి దాని పాఠాల్లోనే లేదు. సొంతంగా నడిచే కార్ల పరిశోధనలో అందరూ వాడే ‘సిటీస్కేప్స్’ అనే ఫొటోల భాండాగారంలో ఎక్కువ భాగం జర్మన్ నగరాలదే మరి.

అందుకే ఇక్కడివాళ్లు కారుకు కెమెరా బిగించి హైదరాబాద్, బెంగళూరు వీధుల్లో, శివార్లలో తిప్పారు. 10,000 ఫొటోలు ఏరి, ఒక్కోదాంట్లో ఇది రోడ్డు, ఇది ఆటో, ఇది పశువు, ఇది హోర్డింగు అంటూ హద్దులు గీశారు. మొత్తం 34 రకాలు తేలాయి. రోడ్డు పక్కన మట్టి ఉంటుంది చూడండి, అది రోడ్డు కాదు. కానీ అవసరమొస్తే మనం బండి దించేది అందులోకే. దానికీ విడిగా ఓ వర్గం పెట్టారు. ఇంటెల్‌తో కలిసి ‘ఇండియా డ్రైవింగ్ డేటాసెట్’ పేరుతో ఈ పని చేసింది గచ్చిబౌలిలోని ట్రిపుల్ఐటీ హైదరాబాద్.

ట్రిపుల్ఐటీ అనగానే మనకు బాసర, నూజివీడు, ఇడుపులపాయ గుర్తొస్తాయి. అవి పదో తరగతి పాసైన పల్లె పిల్లల కోసం 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ విశ్వవిద్యాలయానివి. గచ్చిబౌలిది అంతకు పదేళ్లు పెద్దది. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, పరిశ్రమలు కలిసి లాభాపేక్ష లేకుండా మొదలుపెట్టాయి. దేశంలో ఆ పద్ధతిలో వచ్చిన మొదటి ట్రిపుల్ఐటీ ఇదే. 2001లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్‌కి మనిషి మాట వినడం నేర్పే పరిశోధనలో పేరు తెచ్చుకుని, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి చాలాకాలం దీని పాలకమండలికి పెద్దదిక్కు.

మిగతా ఇంజినీరింగ్ కాలేజీల్లో ఉన్నట్టు ఇక్కడ పని డిపార్ట్‌మెంట్ల చుట్టూ తిరగదు, పరిశోధన కేంద్రాల చుట్టూ తిరుగుతుంది. భాషకొకటి, దృశ్యానికొకటి, రోబోలకొకటి, భూకంపాలకు తట్టుకునే కట్టడాలకొకటి. సిలబస్ అయ్యాక తీరిగ్గా చేసేది కాదిక్కడ పరిశోధన. డిగ్రీ చదువుతున్న కుర్రాళ్లు పీహెచ్‌డీ విద్యార్థుల పక్క కుర్చీలోనే కూర్చుంటారు.

వీటిలో తెలుగువాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది భాషా సాంకేతిక కేంద్రం గురించి. తొలి డైరెక్టర్ రాజీవ్ సంగల్ ఐఐటీ కాన్పూర్ నుంచి వస్తూ వస్తూ సంస్కృత వ్యాకరణ కర్త పాణినిని వెంటబెట్టుకొచ్చారు. ‘రాముడు రావణుణ్ణి చంపాడు’ అన్నా, ‘రావణుణ్ణి రాముడు చంపాడు’ అన్నా మనకు చచ్చింది రావణుడే. ఇంగ్లిష్‌లో పేర్లు అటూ ఇటూ అయితే హంతకుడే మారిపోతాడు. కాబట్టి పదాల వరుసను నమ్ముకున్న ఇంగ్లిష్ లెక్కలు మన భాషలకు సరిపడవు, విభక్తిని, క్రియను పట్టుకోవాలి అన్నది వీళ్ల వాదం. అందుకే వాక్యాల్ని విడదీసేటప్పుడు కర్తకు ‘కె1’, కర్మకు ‘కె2’, కరణానికి ‘కె3’ అని గుర్తులు వేస్తారు. బళ్లో మనం ఎలాగోలా గట్టెక్కిన కారకాలే! ఈ గుర్తులతో తయారైన వాక్యాల మీద కంప్యూటర్‌కి శిక్షణ ఇస్తే, కొత్త వాక్యంలో ఎవరు ఎవర్ని ఏం చేశారో అదే తేల్చుకుంటుంది. ఇప్పుడు భారీ న్యూరల్ మోడళ్లు వచ్చి కారకాల అవసరం తగ్గిందనేవాళ్లూ ఉన్నారు. తెలుగులో శిక్షణకు పనికొచ్చే పాఠ్యం ఇంగ్లిష్‌లో ఉన్నంత లేదు కాబట్టి ఆ తీర్పు తొందరపాటేననిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ ‘భాషిణి’ అనువాద కార్యక్రమంలోనూ ఈ సంస్థ చేయి ఉంది.

నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించింది మాత్రం ‘ఈ-సాగు’. 2004లో వరంగల్ జిల్లా పత్తి రైతులతో మొదలైంది. ఊళ్లోని కార్యకర్త చేలోకి వెళ్లి ఆకు, కాయ, పురుగు ఫొటోలు తీసేవాడు. ఇక్కడి వ్యవసాయ నిపుణులు అవి చూసి ఫలానా రైతు, ఫలానా చేను అంటూ విడివిడిగా సలహా రాసేవారు. ఆ రోజుల్లో పల్లె నుంచి అన్ని ఫొటోలు పంపేంత ఇంటర్నెట్ ఎక్కడిది? సీడీల్లోకి ఎక్కించి కొరియర్‌లో పంపారు. సలహా మాత్రం నెట్‌లో తిరిగి వెళ్లేది. ఆచార్య పి. కృష్ణారెడ్డి నడిపిన ఈ పనిలో ఆర్భాటమేమీ లేదు, సమస్యకు సరిపోయినంత సాంకేతికతే ఉంది. ఇక పుస్తకాల సంగతి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు దించుకుని చదివినవాళ్లు మనలో బోలెడంత మంది. ఆ స్కానింగ్‌లోనూ ఈ సంస్థకు పెద్ద పాత్రే ఉంది.

ఇక చేరేదెలా? నాలుగేళ్ల బీటెక్‌లో కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్స్ సీట్లకు జేఈఈ మెయిన్ దారి ఉంది. అసలు ప్రత్యేకత ఐదేళ్ల జంట డిగ్రీ. బీటెక్‌తో పాటు పరిశోధన చేసి ఎమ్మెస్ పట్టా తీసుకోవచ్చు. ఆ ఎమ్మెస్ కంప్యూటర్ సైన్స్‌లోనే కానక్కర్లేదు. గణన భాషాశాస్త్రం, సహజ శాస్త్రాలు, మానవ శాస్త్రాలతో ముడిపడినవీ ఉన్నాయి. దీనికి యూజీఈఈ అనే సొంత పరీక్ష పెడతారు. సబ్జెక్టు పట్టు చూసేది ఒక భాగం, పరిశోధనకు పనికొచ్చే బుర్ర ఉందా అని చూసేది రెండోది. గట్టెక్కితే ఇంటర్వ్యూ. ఎంటెక్, ఎమ్మెస్, పీహెచ్‌డీలకు పీజీఈఈ.

కౌన్సెలింగ్ వేళ తల్లిదండ్రులు ముందడిగేది ప్యాకేజీ ఎంతని. ఇక్కడ ప్యాకేజీలకు లోటు లేదు, ఫీజు కూడా తక్కువేం కాదు. కానీ ఉద్యోగం కోసమే అయితే నాలుగేళ్ల బీటెక్ చాలు, ఐదో ఏడు దండగ. జంట డిగ్రీలో మూడో ఏడాదికల్లా ఒక ఆచార్యుణ్ణి, ఒక సమస్యను పట్టుకోవాలి. రాసిన పేపరు సదస్సు నుంచి తిరిగొస్తే మళ్లీ రాయాలి. థీసిస్ సాగితే ఐదేళ్లు ఆరు కూడా కావొచ్చు. తోటివాళ్లు జీతాలు తీసుకుంటున్నప్పుడు ఇది ఇంట్లో చెప్పి ఒప్పించడం తేలిక కాదు. చేరేముందే మాట్లాడుకోవడం మేలు.

పరిశోధనను సరుకుగా మార్చాలనుకునేవాళ్లకు 2008 నుంచి ఇక్కడ ఇంక్యుబేటర్ ఉంది. అంకుర సంస్థలకు నెలవైన టీ-హబ్ 2015లో పుట్టింది కూడా ఈ ప్రాంగణంలోనే. ఇక ఏ ల్యాబులో చేరాలో తేల్చుకోలేని విద్యార్థికి ఒక మార్గముంది: సంస్థ వెబ్‌సైట్‌లో థీసిస్‌లు ఉంచుతారు. నచ్చిన కేంద్రం నుంచి ఓ రెండు తీసి, మొదటి అధ్యాయం చదివి చూడాలి. రెండో అధ్యాయంలోకి వెళ్లాలనిపిస్తే యూజీఈఈకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.