వెయ్యి దాకా కలిసి లెక్కపెట్టడం ఎందుకంత కష్టం?

ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు. బడిలో వేసిన మొదటి ఏడాదే వచ్చేసే లెక్క ఇది. దీన్నే డిస్కార్డ్ అనే చాటింగ్ వేదికలో పెద్దవాళ్లు గుంపులుగా చేరి ఆటగా ఆడుతున్నారు. చాలా సర్వర్లలో, అంటే అక్కడి గుంపుల్లో, దీనికోసమే 'కౌంటింగ్' అని విడిగా ఒక ఛానల్ ఉంటుంది. ఒకరు 1 అని పెడతారు, ఇంకొకరు 2 పెడతారు, వేరొకరు 3. నియమాలు మూడే. సంఖ్యలు వరుసగా రావాలి. ఒకే మనిషి వెంటవెంటనే రెండుసార్లు పెట్టకూడదు. ఎవరు తప్పు చేసినా గుంపంతా మళ్లీ 1 నుంచి మొదలుపెట్టాలి. తప్పొప్పులు చూసేందుకు ఒక బాట్, అంటే తనంతట తానే పనిచేసే ప్రోగ్రాం, కాపలా ఉంటుంది.

వినడానికి ఇంత సులువైన ఆటలో వంద మంది ఉన్న గుంపు కూడా 100 దాటలేక పదేపదే మొదటికి వస్తుంది. దీనికి కారణం తెలివితక్కువతనం కాదని, కలిసి పనిచేయడంలోనే ఉన్న ఒక చిక్కు అని లెక్కలు వేసి చూస్తే తేలుతుంది. ఆ చిక్కును విప్పడం నేర్పుతుంది కాబట్టే ఈ ఆటను నేను కాలక్షేపం కంటే పెద్దదిగా చూస్తాను.

నూటికి ఒక్క తప్పు

గుంపు మొత్తం మీద నూరు సంఖ్యలకు ఒక్కటి తప్పుతుందనుకుందాం. అంటే ప్రతి సంఖ్యా సరిగ్గా పడే అవకాశం 99 శాతం. పరీక్షల్లో 99 మార్కులు చాలా గొప్ప. ఇక్కడ చాలదు. నూరు సంఖ్యలూ వరుసగా సరిగ్గా పడాలంటే 0.99ను నూరుసార్లు గుణించాలి. వచ్చేది 0.366. అంటే 1 నుంచి బయల్దేరిన గుంపు 100 చేరే అవకాశం 36.6 శాతమే. మూడు ప్రయత్నాల్లో రెండు మధ్యలోనే ఆగిపోతాయి. సగం ప్రయత్నాలు 69 దాటకముందే ముగుస్తాయి. ఇదే లెక్కన 500 చేరడం 152 ప్రయత్నాల్లో ఒకసారి, 1,000 చేరడం సుమారు 23 వేల ప్రయత్నాల్లో ఒకసారి సాధ్యం.

తప్పు పొరపాటున జరిగిందా, కావాలని చేసిందా అన్న తేడా ఈ లెక్కకు లేదు. నూరు పోస్టుల్లో ఒక్కటి ఎవరో ఆకతాయి ఆట చెడగొట్టడానికే పెట్టినా ఫలితం ఇదే. మిగతావాళ్లంతా ఎంత శ్రద్ధగా ఆడినా ఆ గుంపుకు వెయ్యి దాదాపు అందనట్టే.

తప్పు పడే చోట్లు కూడా అన్నీ ఒక తీరువి కావు. 0 నుంచి 1,000 దాకా వెయ్యి అడుగులు వేయాలి. అందులో 900 అడుగుల్లో చివరి అంకె ఒక్కటే మారుతుంది. 90 అడుగుల్లో రెండు అంకెలు, 9 అడుగుల్లో మూడు అంకెలు మారతాయి. 999 నుంచి 1,000కి వెళ్లే అడుగులో మాత్రం రూపమంతా మారిపోతుంది. అలవాటుగా చివరి అంకె మార్చుకుంటూ పోయే వేలు తడబడేది ఇలాంటి మలుపుల దగ్గరే.

పదింతల జాగ్రత్తకు 1,350 రెట్ల ఫలం

ఇప్పుడు అదే గుంపు కాస్త నిదానించి, తప్పును వెయ్యికి ఒకటికి తగ్గించిందనుకుందాం. 100 చేరే అవకాశం 90.5 శాతానికి పెరుగుతుంది. 1,000 చేరే అవకాశం 36.8 శాతమవుతుంది. 23 వేలకు ఒకటి అన్నది ఇంచుమించు మూడుకు ఒకటిగా మారింది.

మొత్తం శ్రమ లెక్క ఇంకా ఆశ్చర్యపరుస్తుంది. తప్పినప్పుడల్లా 1కి తిరిగొస్తూ, చివరికి ఒక్కసారి 1,000 ముట్టుకోవడానికి సగటున ఎన్ని పోస్టులు కావాలి? తప్పు నూటికి ఒకటైతే సుమారు 23 లక్షల 16 వేలు. వెయ్యికి ఒకటైతే సుమారు 1,720. పది సెకన్లకు ఒక పోస్టు పడుతుందనుకుంటే మొదటి గుంపు రాత్రింబవళ్లు 268 రోజులు ఆడాలి. రెండో గుంపుకు 4 గంటల 47 నిమిషాలు చాలు. జాగ్రత్త పెరిగింది పదింతలే, శ్రమ తగ్గింది దాదాపు 1,350 రెట్లు. గొలుసుకట్టు పనులన్నిటికీ ఇదే సూత్రం. చిన్న తప్పు గొలుసు పొడవుతో పాటు పెరిగిపోతుంది.

అసలు చిక్కు: ఇద్దరూ ఒకేసారి పెట్టడం

నిజానికి లెక్క తెలియక చేసే తప్పులు తక్కువ. ఎక్కువగా ఆటను చెడగొట్టేది వేరే. తెర మీద 41 కనబడుతుంది. ఇద్దరు ఒకేసారి 42 పెడతారు. బాట్ మొదట వచ్చిన 42ను తీసుకుంటుంది. రెండోది వచ్చేసరికి అది 43 కోసం చూస్తుంటుంది కాబట్టి తప్పని తేలుస్తుంది. ఇద్దరికీ లెక్క వచ్చు, ఇద్దరూ సరైన సంఖ్యే పెట్టారు, అయినా ఆట పోయింది.

ఒకరు పెట్టిన సంఖ్య మిగతావాళ్ల తెర మీద కనబడి, వాళ్లు చేయి ఆపుకోవడానికి 2 సెకన్లు పడుతుందనుకుందాం. గుంపులో ఎవరో ఒకరు సగటున నిమిషానికొకసారి పెడుతుంటే ఢీకొనే అవకాశం 3.3 శాతం. 20 సెకన్లకొకసారి అయితే 9.5 శాతం. 5 సెకన్లకొకసారి అయితే 33 శాతం. ఉత్సాహం పెరిగే కొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. 20 సెకన్ల వేగంతో, ఒకరినొకరు గమనించకుండా ఆడే గుంపు 100 చేరే అవకాశం 22 వేలలో ఒకటి. లెక్కలో ఒక్క తప్పూ చేయనివాళ్లకు కూడా ఇంతే.

ఇద్దరే ఆడితే ఈ బాధ లేదు. వెంటవెంటనే రెండుసార్లు పెట్టకూడదన్న నియమం వల్ల ప్రతిసారీ వంతు ఎవరిదో ఒక్కరిదే అవుతుంది, ఢీకొనే అవకాశం సున్నా. ముగ్గురైతే ప్రతి సంఖ్యకూ ఇద్దరు పోటీ, పది మందైతే తొమ్మిది మంది పోటీ. పెద్ద పెద్ద వరుసలు తరచూ ఇద్దరు ఆటగాళ్లు బంతి అందించుకున్నట్టు ఆడినప్పుడే రావడానికి కారణం ఇదే.

హవాయిలో ఇదే ప్రశ్న

ఇదే చిక్కు కంప్యూటర్లకూ ఎదురైంది. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియో తరంగాలతో కలుపుతూ 1971లో అలోహానెట్‌ను నడిపింది. సందేశాలు పంపడానికి అన్నిటికీ ఒకే తరంగ మార్గం. రెండు సందేశాలు ఒకేసారి బయల్దేరితే రెండూ పాడవుతాయి. ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపే పద్ధతిలో ఆ మార్గాన్ని మహా అయితే 18.4 శాతమే వాడుకోగలమని లెక్క తేలింది. కాలాన్ని సమాన భాగాలుగా విడగొట్టి, ప్రతి భాగం మొదట్లోనే పంపాలని కట్టుబాటు పెడితే అది 36.8 శాతానికి, అంటే సరిగ్గా రెట్టింపుకు చేరింది. 1973లో బాబ్ మెట్కాఫ్ రూపకల్పన మొదలుపెట్టిన ఈథర్నెట్‌లో ఇంకో మర్యాద చేరింది. ముందు విను, మార్గం ఖాళీగా ఉంటేనే పంపు. ఢీకొంటే కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించు.

నాటక శిక్షణల్లోనూ దీనికి దగ్గరి అభ్యాసం ఒకటుంది. అందరూ గుండ్రంగా నిలబడి, సైగలు లేకుండా, ఎవరికి తోచినప్పుడు వాళ్లు ఒక్కో సంఖ్య చెబుతూ 20 దాకా వెళ్లాలి. ఇద్దరి గొంతులు కలిస్తే మళ్లీ మొదటికే. పది మంది ఉండి, ప్రతి క్షణం ఒక్కొక్కరూ పదిలో ఒక వంతు అవకాశంతో నోరు విప్పుతారనుకుంటే, వాళ్లు 20 చేరడం 32 వేలలో ఒకసారి జరిగే మాట. అయినా శిక్షణలో ఉన్న బృందాలు దీన్ని పూర్తిచేస్తాయి. వాళ్లను గట్టెక్కించేది అదృష్టం కాదు, పక్కవాళ్ల ఊపిరిని కూడా గమనించడం.

క్షమకు కూడా లెక్కుంది

కొన్ని బాట్‌లలో 'సేవ్' అనే సదుపాయం ఉంటుంది. తప్పు జరిగినా ఒక సేవ్ ఖర్చయి, ఆట ఆగిన చోటు నుంచే కొనసాగుతుంది. నూటికి ఒక తప్పు చేసే గుంపునే తీసుకుంటే, ఒక్క సేవ్ ఉన్నా 100 చేరే అవకాశం 36.6 నుంచి 73.2 శాతానికి పెరుగుతుంది, అంటే రెట్టింపవుతుంది. రెండు సేవ్‌లుంటే 91.7 శాతం. తప్పును వెయ్యికి ఒకటికి తగ్గిస్తే 90.5 శాతం వచ్చిందని పైన చూశాం. అంటే రెండు తప్పులను మన్నించగలిగిన మామూలు గుంపు, ఒక్క తప్పునూ మన్నించని అతిజాగ్రత్త గుంపుతో సమానంగా నిలుస్తుంది.

మొదటికి పంపకుండా తప్పును సరిదిద్దుకుని సాగిపోయే లెక్కలు ఎంత దూరం వెళ్తాయో చెప్పడానికి రెడిట్ చర్చావేదికలోని కౌంటింగ్ బృందమే సాక్ష్యం. అక్కడ వెయ్యి సంఖ్యలకొక కొత్త థ్రెడ్ మొదలుపెడుతూ, ఇక్కడా ఒకే మనిషి వెంటవెంటనే పెట్టకూడదన్న నియమంతోనే పది లక్షలు దాటి లెక్కపెట్టారు. 1 నుంచి 10,00,000 దాకా రాస్తే మొత్తం 58,88,896 అంకెలు రాయాలి. అమెరికాలోని అలబామాకు చెందిన జెరెమీ హార్పర్ 2007లో పది లక్షలూ ఒక్కడే పైకి చదివి గిన్నిస్ రికార్డు సాధించాడు. రోజుకు 16 గంటల చొప్పున 89 రోజులు పట్టింది. అంటే సంఖ్యకు సగటున 5 సెకన్లు. అదే వేగంతో రాత్రింబవళ్లు వంతులు మార్చుకునే గుంపుకైతే 58 రోజులు చాలు. గుంపు బలం అదే. ఒకరు పడుకుంటే ఇంకొకరు మేలుకుంటారు. హైదరాబాద్‌లో రాత్రయ్యేసరికి డల్లాస్‌లో తెలుగువాళ్లు పగటి పనిలో ఉంటారు.

కాబట్టి ఇలాంటి ఛానల్‌లో చేరితే మూడు పనులు చేయండి. పెట్టే ముందు చివరి సంఖ్యను మరోసారి చూడండి. ఎవరో టైప్ చేస్తున్నట్టు కనబడితే ఆగండి, వాళ్లను పెట్టనివ్వండి. ఆట పోయినప్పుడు పోగొట్టినవాళ్ల మీద విరుచుకుపడకండి. నూటికి ఒక్క తప్పు చేసే మనుషుల్లో మీరూ ఉన్నారు, నేనూ ఉన్నాను. 1 పెట్టి మళ్లీ మొదలుపెట్టండి.