మాట నోటిదాకా వచ్చి ఆగిపోతే...

"ఆ కొడ... అదేరా, గడ్డి కోసేది పట్టుకురా!" అన్నాడు తాత. మనవడు పకపకా నవ్వాడు. "మామకు చాదస్తం ముదిరింది" అంది కోడలు. కొడవలి చేతికిచ్చాక మాత్రం గట్టు మీది గడ్డంతా చకచకా కోసేశాడు తాత. పని చేతికి గుర్తుంది. పేరే నోటికి అందలేదు.

ఇలాంటి ముసలివాళ్లు ఏ ఊళ్లోనైనా కనిపిస్తారు. ఎప్పుడైనా ఒక మాట తట్టకపోవడం అందరికీ ఉండేదే. నిత్యం వాడే వస్తువుల పేర్లు కూడా రోజురోజుకూ అందకుండా పోతుంటే మాత్రం మెదడు జబ్బేమోనని అనుమానించాలి. అలాంటి జబ్బుల్లో ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్స్.

అల్జీమర్ అన్నది ఒక జర్మనీ డాక్టరు పేరు. ఆయన 1901లో ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రిలో 51 ఏళ్ల స్త్రీని పరీక్షించాడు. కప్పు అనాల్సిన చోట ఆమె "పాలు పోసేది" అందని 1907లో రాశాడు. మన తాత "గడ్డి కోసేది" అన్నదానికీ దీనికీ తేడా ఏముంది?

ఈ జబ్బులో మెదడు కణాలు కొద్దికొద్దిగా చచ్చిపోతాయి. పేర్లు జారిపోవడం ముందుగానే మొదలవుతుంది. ఎదుటివారి పొడుగాటి మాట అర్థం కాకపోవడం తర్వాత వస్తుంది. చిన్ననాటి పాటలు మాత్రం చాలామందిలో చాలాకాలం నిలుస్తాయి. వణుకుడు జబ్బు పార్కిన్సన్స్‌ది మరో తీరు. మాటలు తెలిసినా గొంతు సన్నగిల్లి వినపడదు. మనమేమో గొణుగుతున్నాడని విసుక్కుంటాం.

హైదరాబాదు నిమ్స్ వైద్యులు 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి వెల్లడించారు. ఒకే భాష వచ్చినవారికన్నా రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువురానివారిలోనూ ఆ తేడా కనిపించింది. సంతలో నేర్చిన ఉర్దూ కూడా వృథా పోదన్నమాట!

అల్జీమర్స్‌ను పూర్తిగా నయంచేసే మందు ఇంకా లేదు. అలాగని డాక్టరుకు చూపించకపోవడం తప్పు. థైరాయిడ్ లోపం వల్ల, బి-12 విటమిన్ తగ్గడం వల్ల కూడా మతి, మాట మందగిస్తాయి. వాటికి వైద్యం ఉంది. మాట ఒక్కసారిగా పడిపోతే అది పక్షవాతం కావచ్చు. తెల్లారనీ అనకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. తాయెత్తుల కోసం తిరిగేలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ఇంట్లోవారు ఎదురుగా కూర్చుని, టీవీ కట్టేసి, చిన్న మాటల్లో అడగాలి. "ఏం తింటావు?" అనే బదులు "అన్నమా, రొట్టా?" అనాలి. తడుముకుంటుంటే కాస్త ఆగాలి. నలుగురిలో నవ్వితే ఆ మనిషి నోరు విప్పడమే మానేస్తాడు.

ఆ తాత ఇప్పుడు అరుగు మీద కూర్చుని వేలితో చూపిస్తున్నాడు. మనవడు కొడవలీ, పారా రెండూ తెచ్చి ముందు పెట్టి, ఏది కావాలో తీసుకొమ్మంటున్నాడు.