క్లోరోఫారమూ, ఒక తంతివార్తా

1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చిన మరుసటి యేడే, ఇంగ్లండులో కాలిగోరు తీయించుకొనబోయిన పదునైదేండ్ల బాలిక ఆ మత్తులోనే మరణింపగా, ఈ మందు ఆపునది గుండెనా, ఊపిరినా యను వివాదము వైద్యలోకమున నలువది యేండ్లు నడచెను. దానికి తీర్పు చెప్ప పూనుకొన్నది హైదరాబాదు.

ఇచ్చటి వైద్యపాఠశాల ప్రధానాధ్యాపకుడు ఎడ్వర్డ్ లారీ 1888లో కుక్కలపై పరీక్షలు జరిపించి, మొదట ఆగునది ఊపిరియే యనియు, శ్వాసను కనిపెట్టి చూచినచో భయము లేదనియు ప్రకటింపగా, లండనులోని 'లాన్సెట్' వైద్యపత్రిక నమ్మలేదు. అంతట నిజాము మహబూబ్ అలీఖాన్ వేయి పౌండ్లు వెచ్చింప, ఆ పత్రిక ప్రతినిధిగా బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు 1889లో ఇచ్చటికి వచ్చెను. శంకించిన పత్రిక స్వయముగా చూచుటకు మనిషిని సముద్రములు దాటించుట మెచ్చదగినదే. ఖర్చు మాత్రము పరీక్షింపబడువారి పక్షమునుండియే వచ్చెనని పాఠకుడు మఱవరాదు.

అంతకుముందు గుండెయే ప్రమాదస్థానమని తలచిన బ్రంటన్, నాలుగువందలకు మించిన జంతువులను పరీక్షించిన పిమ్మట అభిప్రాయము మార్చుకొని, క్లోరోఫారము గుండెను నేరుగా బాధింపదని పంపిన తంతివార్తను లాన్సెట్ ముద్రించెను. అందులో మోసము లేదు. తొందర కలదు, జంతువులయందు కనబడినది మనుష్యులయందును అట్లే యగునను ధీమా కలదు. కాని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై పరిశోధించి, మత్తు పలుచగా నున్నపుడే గుండె లయ తప్పి కంపించి హఠాత్తుగా ఆగిపోవచ్చునని చూపెను. శ్వాసను కనిపెట్టుమన్న హైదరాబాదు హితవు మంచిదే. గుండెకు భయము లేదన్న తీర్పు మాత్రము నిలువలేదు.

జంతువుల నెన్నిటిని పరీక్షించిరో యైనను చెప్పిన ఆ తంతివార్త, మన మృగశిరకార్తె చేపప్రసాదపు వార్తలకంటె నయమే. పాతబస్తీ దూద్‌బౌలిలో బత్తినివారియింట మొదలై నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమునకు చేరిన, ఉబ్బసమునకు మందుగా ఇచ్చు ఆ ప్రసాదమును గూర్చి పత్రికలును, టీవీలును ఏటేట చెప్పునది బారులు తీరిన జనమును, కొఱ్ఱమీనుపిల్లను మింగువారి ముఖములను గూర్చియే. ఉబ్బసము తనంతటనే హెచ్చుచు తగ్గుచు నుండు వ్యాధి కనుక, నాకు నయమైనదని ఒకరు చెప్పిన మాట, ఆ వ్యక్తి నిజాయితీపరుడే యైనను, రుజువు కాజాలదు.

కావున సంపాదకులకు నా విన్నపమొకటే: వచ్చే జూనులో ఆ వరుసలోని నూఱుగురి చిరునామాలు వారి సమ్మతితో వ్రాసికొని, ఏడాది తరువాత వారిని మరల కలిసి, గుణము కనబడినవారి మాటను, కనబడనివారి మాటను, వైద్యులిచ్చిన పీల్చుమందు మానివేసి ఆసుపత్రి పాలైనవారున్నచో వారి మాటను, మొదటి వార్త వేసిన పుటలోనే వేయుడు.