పర్వత స్నోమొబైల్‌ క్లచ్‌ సవరణ: పలుచని గాలిలో భ్రమణ వేగ నియంత్రణ

వ్యాససంగ్రహం: ఎత్తైన పర్వతాలపై నడిచే స్నోమొబైల్‌కు క్లచ్‌ సవరించడమంటే ఇంజిన్‌కు కొత్త శక్తిని చేకూర్చడం కాదు, మిగిలిన శక్తి పూర్తిగా అందే భ్రమణ వేగం వద్ద ఇంజిన్‌ను నిలిపి ఉంచడం. ఎత్తుతో పాటు ఈ సమతుల్యం ఎందుకు చెదురుతుందో, దానిని ఏ క్రమంలో సరిచేయాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: స్నోమొబైల్‌, క్లచ్‌, బెల్టు, అపకేంద్ర బలం, టార్క్‌, హెలిక్స్‌, గాలి సాంద్రత.

ఉపోద్ఘాతం:

అమెరికాలోని వయోమింగ్‌ రాష్ట్రంలో టోగొటీ కనుమ సముద్రమట్టానికి దాదాపు 2,940 మీటర్ల ఎత్తున ఉంది. రాకీ పర్వతాలలో స్నోమొబైల్‌ విహారానికి పేరుపొందిన ప్రాంతాలలో అదొకటి. మైదానంలో చురుకుగా పరుగెత్తిన బండిని మార్పులేవీ లేకుండా అక్కడికి తీసుకువెళితే, లోతైన పొడిమంచులో సగం వాలు ఎక్కేసరికి దాని ఇంజిన్‌ వేగం పడిపోతుంది. వాలు మధ్యలో చిక్కుకుపోవడం కేవలం అసౌకర్యం కాదు. మంచుచరియలు విరిగిపడగల వాలు మీద ఒకసారికి ఒక్కరే ఉండాలన్నది పర్వత ప్రయాణంలో ప్రాథమిక నియమం. చిక్కుకున్నవానికి సాయంగా రెండవ బండి ఎక్కిందంటే ఆ నియమం భంగమైనట్లే. గ్రాములలో తూచే కొన్ని లోహపు ముక్కల ఎంపికకు ఇంతటి ప్రాధాన్యం రావడానికి కారణం ఇదే.

రెండు కప్పీలు, ఒక బెల్టు:

స్నోమొబైల్‌లో గేర్లు మార్చే పని రెండు కప్పీలు, వాటిని కలిపే రబ్బరు బెల్టు చేస్తాయి. తెలుగు పాఠకులకు ఈ సూత్రం పరిచితమే. 1984లో భారతీయ విపణిలోకి వచ్చిన కైనెటిక్‌ హోండా మొదలుకొని నేటి గేర్లులేని పెట్రోలు స్కూటర్ల వరకు అన్నింటిలోనూ ఉన్నది ఇదే అమరిక. అయితే ఒక భేదం ఉంది. స్కూటర్‌లో చక్రాన్ని కలిపి విడదీయడానికి వెనుకవైపు వేరొక క్లచ్‌ ఉంటుంది. స్నోమొబైల్‌లో ఇంజిన్‌కు బిగించిన ప్రధాన కప్పీయే బెల్టును వదలడం, పట్టడం, నిష్పత్తి మార్చడం అనే మూడు పనులూ చేస్తుంది. కప్పీని క్లచ్‌ అని పిలవడం అందువల్లనే.

ప్రధాన కప్పీలో చుట్టూ అమర్చిన బరువులు ఇంజిన్‌ తిరిగేకొద్దీ అపకేంద్ర బలంతో బయటికి విచ్చుకొని, కదిలే పళ్లేన్ని బెల్టువైపు నెడతాయి. ఒక స్ప్రింగు వాటిని అడ్డుకుంటుంది. ఈ నెట్టుడు బరువుకు అనులోమంగానూ, భ్రమణ వేగపు వర్గానికి అనులోమంగానూ పెరుగుతుంది. రెండవ కప్పీ స్వభావం వేరు. అది వేగాన్ని కాక భారాన్ని గ్రహిస్తుంది. ట్రాక్‌ మీద భారం పెరిగినప్పుడు హెలిక్స్‌ అనే ఏటవాలు మెట్ట టార్క్‌ను పక్కబలంగా మార్చి, బెల్టును గట్టిగా నొక్కి, తక్కువ గేరువైపు మళ్లిస్తుంది. ఒకటి పై గేరుకు లాగుతుంటే మరొకటి కింది గేరుకు లాగుతుంది. బండి వేగం ఎంత మారినా, థ్రాటిల్‌ పూర్తిగా తెరిచినప్పుడు ఇంజిన్‌ మాత్రం గరిష్ఠ శక్తినిచ్చే వేగం వద్దనే నిలవాలి. 800 సీసీ తరగతి టూ-స్ట్రోక్‌ ఇంజిన్లలో ఇది నిమిషానికి 8,000 భ్రమణాల సమీపంలో ఉంటుంది. వీటి శక్తి శిఖరం ఇరుకైనది కనుక కొద్ది వందల భ్రమణాల తేడా కూడా వాలు మీద తెలిసిపోతుంది.

స్ప్రింగుకు ఎత్తు తెలియదు:

ప్రామాణిక వాతావరణంలో సముద్రమట్టం వద్ద ఒక ఘనపు మీటరు గాలి 1.225 కిలోగ్రాములు తూగుతుంది. 3,000 మీటర్ల ఎత్తున 0.909 కిలోగ్రాములే. అంటే ఇంజిన్‌ పీల్చే గాలిలో నాలుగో వంతుకు పైగా తగ్గిపోతుంది, దానితో టార్క్‌ కూడా తగ్గుతుంది. టార్క్‌ తగ్గడంతో హెలిక్స్‌ నొక్కుడు సన్నగిల్లుతుంది. బరువుల నెట్టుడు మాత్రం గాలి మీద ఆధారపడదు. ఫలితంగా ప్రధాన కప్పీ ముందుగానే గెలిచి, బండిని పై గేరులోకి లాగి, ఇంజిన్‌ను శిఖరం కిందికి ఈడ్చుతుంది. బలం చాలని చోట బరువైన భాగాలు వేయాలన్న ఊహ సహజమే గాని, ఇక్కడ అది తప్పుదారి. ఎత్తున వేయవలసినవి తేలికైన బరువులు.

ఎంత తేలిక? గాలి తగ్గిన నిష్పత్తిలోనే బరువులను తగ్గిస్తే చాలదా అన్న ప్రశ్న తలెత్తుతుంది. స్ప్రింగులకు ఎత్తు తెలియదు. వాటి బలం ఎక్కడైనా ఒక్కటే. బరువుల నెట్టుడులో కొంత భాగం స్ప్రింగులను జయించడానికే ఖర్చవుతుంది కనుక, తగ్గింపు గాలి తగ్గిన నిష్పత్తి కంటె తక్కువగానే ఉండాలి. ఒక్కొక్క బరువులో 1 గ్రాము తగ్గిస్తే వేగం సుమారు 100 భ్రమణాలు పెరుగుతుందన్నది కార్ఖానాలలో వాడుకలో ఉన్న లెక్క. ఇది తొలి అంచనాకే పనికివస్తుంది. తయారీదారు ఇచ్చే ఎత్తువారీ పట్టికను ముందు చూడడమే మేలు. కప్పీలోని బరువులన్నీ సమానంగా ఉండాలి; లేకుంటే కంపనం తప్పదు.

వాలు మీద:

సవరణకు ముందే బెల్టు వెడల్పు, బిగువు, కప్పీల వరుస, రోలర్ల అరుగుదల చూడాలి. అరిగిన రోలరు తప్పు బరువులాగే ప్రవర్తిస్తుంది. దానికి విరుగుడుగా బరువులు మార్చేవారు రెండు తప్పులను ఒకచోట చేర్చుతున్నారు. తరువాత, ఇంజిన్‌ బాగా వేడెక్కాక, నిజంగా ఎక్కబోయే మంచులోనే, ఒకసారికి ఒకే మార్పు చేసి పరీక్షించాలి. గట్టిపడిన బాట మీద వచ్చిన అంకె పొడిమంచులో నిలవదు.

బరువులతో గరిష్ఠ వేగం కుదిరాకే హెలిక్స్‌ వంతు వస్తుంది. పర్వతంలో నడిపేవారు థ్రాటిల్‌ను నిరంతరం తెరిచి ఉంచరు. చెట్ల మధ్య వదిలి, మళ్లీ నొక్కుతారు. ఆ క్షణంలో బండి వెంటనే కింది గేరుకు దిగాలి. హెలిక్స్‌ కోణం తక్కువైతే ఈ దిగుడు చురుకవుతుంది గాని, నొక్కుడు మితిమీరితే బెల్టు వేడెక్కి శక్తి వృథా అవుతుంది. బండి ఆపి, ఇంజిన్‌ నిలిపి, కప్పీలను చేతితో తాకి చూసే పాత అలవాటు ఇందుకే. ప్రధాన స్ప్రింగు తొలి బలం బెల్టు పట్టుకునే వేగాన్ని నిర్ణయిస్తుంది. ఆ వేగం మరీ ఎక్కువైతే, ట్రాక్‌ ఒక్కసారిగా గిర్రున తిరిగి బండి కింద గుంత తవ్వుకుంటుంది.

2020 నమూనాగా స్కీ-డూ తెచ్చిన టర్బో టూ-స్ట్రోక్‌ బండి ఈ లెక్కను కొంత మార్చింది. గాలిని టర్బో నొక్కి పంపుతుంది కనుక ఎత్తున టార్క్‌ అంతగా తగ్గదు. పక్కనే అదే వాలు ఎక్కుతున్న టర్బోలేని బండి కంటె దానికి బరువైన ముక్కలు కావాలి. ఇక టర్బోలేని బండి మైదానానికి దిగినప్పుడు సమస్య తలకిందులవుతుంది. దట్టమైన గాలిలో టార్క్‌ తిరిగి వస్తుంది, తేలిక బరువులు దానిని అదుపు చేయలేవు, ఇంజిన్‌ శిఖరం దాటి పరుగెడుతుంది. కొండ దిగి మళ్లీ బండి నడపడానికి ముందే పాత బరువులను తిరిగి బిగించాలి.