అయస్కాంతపు మోటారులో పంటి పట్టు

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం కొబ్బరి తోటలు మొదలుకొని విజయనగరం జిల్లాలోని గజపతినగరం, బొబ్బిలి ప్రాంతపు మెట్ట పొలముల వరకు బావుల వద్దను, బోర్ల వద్దను సోలారు పంపుసెట్లు అక్కడక్కడ కనబడుచున్నవి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటి కరెంటు స్తంభములను నేలకూల్చినప్పుడు, బావిలో నీరుండియు మోటారు కదలని స్థితిని ఉద్దానం రైతులు చూచినారు. స్తంభములతోను, తీగలతోను పనిలేని పంపు ఎంత అవసరమో వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ సోలారు పంపులలో చాలవాటికి శాశ్వతాయస్కాంతపు మోటారు అమర్చబడుచున్నది. కొందరు దీనిని బి.ఎల్.డి.సి. మోటారు అందురు. సాధారణపు ఇండక్షన్ మోటారులో రోటరునకు అయస్కాంత శక్తి కలిగించుటకు కొంత కరెంటు ఖర్చగును. ఈ మోటారులో రోటరు మీదనే అయస్కాంతపు ముక్కలు అతికించి యుండుటచే ఆ ఖర్చు లేదు. అందుచే అదే ఎండకు కొంత ఎక్కువ నీరు వచ్చును.

అయితే ఈ మోటారును కొన్న రైతునకు మొదటి దినముననే ఒక అనుమానము కలుగును. కరెంటు లేనప్పుడు షాఫ్టును చేతితో త్రిప్పినచో ఇండక్షన్ మోటారు జారినట్లు తిరుగును. ఈ మోటారు అట్లు తిరుగదు. కొంచెము కదిలి ఆగును, మరల బలము పెట్టినచో ఒక్కసారి ముందుకు దూకి ఇంకొకచోట కుదురుకొనును. బేరింగు పోయినదని, లోపల ఏదో తగులుచున్నదని మెకానిక్ చెప్పుటయు, మోటారును విప్పుటయు, బాగుగానున్న మోటారు అక్కడితో పాడగుటయు జరుగవచ్చును. మోటారు విప్పక పూర్వమే తెలిసికొనదగిన విషయమిది.

మోటారు బయటి భాగమగు స్టేటరులో తీగ చుట్టుటకు గాడులుండును. గాడికి గాడికి నడుమ ఇనుప పన్ను ఉండును. రోటరు మీది అయస్కాంతము ఇనుమును లాగును గదా! పన్ను ఎదురుగా నున్నచోట గట్టిగాను, గాడి ఎదురుగా నున్నచోట తక్కువగాను లాగును. కావున రోటరు తనకు అనువైన కొన్ని చోట్లనే నిలువగోరును. అక్కడి నుండి కదల్చుటకు కావలసిన బలమునే ఇంగ్లీషులో కాగింగు టార్కు అందురు. మనము పంటి పట్టు అందము.

ఒక చుట్టులో ఈ పట్టు ఎన్నిసార్లు తగులునో బడిలో నేర్చిన క.సా.గు. లెక్కతో తెలియును. గాడులు 24, ధ్రువములు 4 అయినచో వాని క.సా.గు. 24, చుట్టుకు 24 పట్టులు. గాడులు 12, ధ్రువములు 10 అయినచో 60 పట్టులు. సంఖ్య పెరిగినకొలది ఒక్కొక్క పట్టు బలము సాధారణముగా తగ్గును. మొదటి మోటారులో నాలుగు అయస్కాంతముల అంచులును ఒకేసారి పళ్ళకు ఎదురగుటచే వాని పట్టులన్నియు ఒకదానితో నొకటి కూడును. రెండవ దానిలో అంచులు వేరువేరు సమయములలో పళ్ళను చేరును. పది మంది ఒకే మాటున లాగుటకును, తలా ఒక క్షణమున లాగుటకును గల భేదమే యిది.

పంటి పట్టు కరెంటును తినివేయునని కొందరనుకొందురు. అది సరికాదు. గట్టెక్కునప్పుడు బండి ఎంత బరువగునో దిగునప్పుడంత తేలికయగును. ఒక చుట్టు మీద లెక్క చూచిన పట్టు సున్న. బాధ అంతయు కుదుపులోనే యున్నది. ఆ కుదుపు ఎప్పుడు హెచ్చునో చూడవలెను.

3 అశ్వశక్తుల మోటారు నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు దాని టార్కు సుమారు 7 న్యూటన్-మీటర్లు. పంటి పట్టు అందులో 5 శాతమనుకొందము. నిండు ఎండలో అది లెక్కలోనికి రాదు. రోటరు బరువే ఊపుతో దానిని దాటించును. మబ్బు పట్టి వేగము సగమైనప్పుడు పంపునకు కావలసిన టార్కు నాలుగవ వంతునకు దిగును, పంటి పట్టు మాత్రము తగ్గదు. అప్పుడది పంపు టార్కులో 20 శాతము. వేగము నాలుగవ వంతైనచో 80 శాతము! తెల్లవారి మొదటి ఎండలో కంట్రోలరు రెండు మూడుసార్లు ప్రయత్నించి గాని మోటారును కదల్చలేకపోవుటకు, కదలినను గుర్రుమని మ్రోగుటకు ఇది ఒక కారణము కావచ్చును. జూన్ నుండి అక్టోబరు వరకు మబ్బు కమ్మియుండు మన ఉత్తర కోస్తాలో ఇట్టి పూటలు తక్కువ కావు.

పట్టు తగ్గించుటకు ముఖ్య సాధనము అయస్కాంతపు ఆకారము. అయస్కాంతపు నడిమి భాగము పళ్ళను, గాడులను ఎప్పుడును ఇంచుమించు సమానముగా కప్పియుండుటచే అక్కడ పేచీ లేదు. లాగుడంతయు అంచులలో నున్నది. నిట్టనిలువు గట్టును బండిచక్రము ఎక్కుటకును, రెండు ప్రక్కల ఏటవాలుగా చెక్కిన గట్టును ఎక్కుటకును ఎంత తేడా! అట్లే అయస్కాంతమును నడుమ మందముగాను, అంచుల వద్ద పలుచగాను, రొట్టె ముక్క వలె గుండ్రముగా చేసినచో అంచున నున్న గాలి ఖాళీ పెరిగి, అయస్కాంత బలము ఒక్కసారిగా గాక క్రమముగా హెచ్చి తగ్గును. పట్టు మెత్తబడును. అంచు మూలలను చెక్కుట కూడ ఈ కోవలోనిదే. అయస్కాంతపు వెడల్పును కొద్దిగా మార్చి, ఒక అంచు లాగునప్పుడు రెండవ అంచు ఎదురు లాగునట్లు చేయుట మరియొక ఉపాయము. ఈ వెడల్పు లెక్క చాల సున్నితమైనది. వెంట్రుకవాసి తప్పినచో పట్టు తగ్గుటకు బదులు పెరుగును. అది కర్మాగారపు పనియే గాని ఆకురాయి చేతబట్టిన మెకానిక్ పని కాదు.

మూడవ ఉపాయము అయస్కాంతమును ఏటవాలుగా అమర్చుట. బండి గట్టుకు అడ్డముగా పోయినచో రెండు చక్రములును ఒకేసారి కుదుపునకు లోనగును. వాలుగా పోయినచో ఒకటి ఎక్కుచుండగా రెండవది దిగుచుండును. 24 గాడుల, 4 ధ్రువముల మోటారులో అయస్కాంతమును ఒక చివర నుండి రెండవ చివరకు 15 డిగ్రీలు వాల్చినచో, లెక్క ప్రకారము పట్టు పూర్తిగా పోవును. దీనికి చెల్లించు వెల స్వల్పము. మోటారు ముఖ్యబలములో నూటికి ఒకటి మాత్రమే తగ్గును. వంపు ముక్క చేయుట కష్టమగుటచే, కొందరు తయారీదారులు పొట్టి ముక్కలను మెట్లు మెట్లుగా ప్రక్కకు జరిపి అతికింతురు. విప్పిచూచిన వానికి ఇది అతుకుడు తప్పువలె కనబడును. దానిని తిన్నగా సరిచేయబూనుట కోరి పంటి పట్టును తెచ్చుకొనుటయే.

ఇంత మేలున్నప్పుడు అన్ని మోటార్లను ఇట్లే ఎందుకు చేయరు? నియోడిమియం అయస్కాంతము గట్టిది, పెళుసుది. దానిని వజ్రపు పొడి పట్టించిన చక్రముతో అరగదీయవలెను. గుండ్రపు ముక్క కొరకు అరగిపోయిన పొడి అంతయు ఖరీదైన సరకే. పైగా అంచు పలుచబడుటచే అయస్కాంత బలము కొంత తగ్గును. కళింగపట్నం, భావనపాడు తీరపు ఇసుకలలో ఉన్న మోనజైటులో ఈ నియోడిమియం కలదన్నమాట నిజమే గాని, ఇసుక నుండి మోటారు వరకు దారి చాల పొడవు. 2023 మే నెలలో విశాఖపట్నంలో భాభా అణు పరిశోధన కేంద్రపు ఆవరణలో జాతికి అంకితము చేయబడిన అయస్కాంతపు కర్మాగారము సమేరియం-కోబాల్టు రకమునకు చెందినది. మోటార్ల అయస్కాంతములకు ప్రపంచమంతయు ఎక్కువగా చైనా మీద ఆధారపడియున్నది. 2025 ఏప్రిల్‌లో ఆ దేశము కొన్ని అరుదైన లోహముల మీదను, వానితో చేసిన అయస్కాంతముల మీదను ఎగుమతి ఆంక్షలు విధించినది. ఖర్చు తగ్గించుటకు తయారీదారు మొదట విడిచిపెట్టునది ఆకారపు శ్రమ కావచ్చును. కొనునప్పుడు అడిగి తెలిసికొనుట రైతు హక్కు.

పట్టును కొలుచుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. మోటారును కంట్రోలరు నుండి విడదీసి, మూడు తీగల కొనలును ఒకదానికొకటి గాని, మోటారు ఒంటికి గాని తగులకుండ ఉంచవలెను. కొనలు కలిసినచో మోటారే జనరేటరై షాఫ్టు బరువెక్కును. అది వేరు సంగతి. షాఫ్టునకు 5 సెంటీమీటర్ల వ్యాసార్థము గల కప్పీ బిగించి, దానికి త్రాడు చుట్టి, స్ప్రింగు త్రాసుతో మెల్లగా లాగవలెను. షాఫ్టు ఒక పట్టును దాటి దూకునప్పుడు ముల్లు ఎక్కడ నున్నదో చూడవలెను. పైన చెప్పిన 5 శాతమునకు ఇది సుమారు 700 గ్రాములు. బేరింగు రాపిడి కూడ ఇందులో కలిసియుండును. బోరులో దించు మోటారునైతే దించక పూర్వమే, కంపెనీ చెప్పినట్లు నీరు నింపి, ఈ పరీక్ష చేయవలెను.

బేరింగు చెడినదో, పంటి పట్టో వేరుచేయుట కష్టము కాదు. పట్టు సమాన దూరములలో తగులును, షాఫ్టు దానంతట అదే వెనుకకో ముందుకో దూకి కుదురుకొనును. చెడిన బేరింగు గరగరలాడును, దూకదు. దాని బరువు లెక్కకు అందదు.

గ్రామ వ్యవసాయ సహాయకులు పంపు బిగించిన దినముననే ఈ గ్రాముల లెక్కను ఆ పంపు కాగితములలో వ్రాసియుంచుట మంచిది. తరువాత ఎప్పుడైన కొలిచినప్పుడు లెక్క బాగా పెరిగినచో బేరింగును, రోటరు ఎక్కడైన ఒరయుచున్నదేమోయును చూడవలెను. బాగా తగ్గినచో, నీరు కూడ తగ్గినచో, వేడికి అయస్కాంతము బలము కోల్పోయినదని అనుమానింపవచ్చును. నియోడిమియంలో సాధారణపు రకములు 80 డిగ్రీల పైబడిన వేడికి ఓర్వవు. నీరు లేక పంపు ఉత్తగా తిరిగినప్పుడు ఈ ముప్పు కలుగును.

విప్పక తప్పనప్పుడు రోటరును ఇనుప రజను లేని శుభ్రమైన గుడ్డలో చుట్టి దూరముగా ఉంచవలెను. ఇనుప పనిముట్టును, నడుమ వ్రేలిని కలిపి నొక్కివేయగల బలము దానికున్నది. పాత తీగచుట్టును కాల్చి తీయు దుకాణములో రోటరు ఆ దరిదాపులకు పోరాదు. రోటరు మీది తుప్పుపట్టని ఉక్కు తొడుగును కోయరాదు, గీకరాదు, లేతు పట్టించరాదు. పంపు ఆగిన పిదప గొట్టములోని నీరు వెనుకకు పారుచు మోటారును త్రిప్పుచున్నంతసేపు తీగలలో కరెంటు ఉండును. ఎండ లేదు గదాయని, స్విచ్చి కట్టితిమి గదాయని ఆ కొనలు ముట్టరాదు.